మత్తులో చదివిన సంకేతం: అపార్థం ఎక్కడ ముగుస్తుంది, నేరం ఎక్కడ మొదలవుతుంది?

ఢిల్లీలో స్నేహితులతో కలిసి బార్‌కు వెళ్లిన ఒక పోస్ట్ గ్రాడ్యుయేట్ విద్యార్థిని, మత్తులో ఉన్న తనను విశ్రాంతి కోసమంటూ తీసుకువెళ్లి ఒక పరిచయస్తుడు అత్యాచారం చేశాడని ఫిర్యాదు చేసింది. జరిగింది ఇద్దరి ఇష్టంతోనేనని నిందితుడి వాదన. 2025 మార్చిలో అతనికి బెయిల్ మంజూరు చేస్తూ అలహాబాద్ హైకోర్టు, ఆరోపణ నిజమనే అనుకున్నా ఆపదను ఆమే కోరి తెచ్చుకుందని, అందుకు ఆమే బాధ్యురాలని వ్యాఖ్యానించింది. మరుసటి నెలలో సుప్రీంకోర్టు ఆ వ్యాఖ్యను ప్రస్తావించింది. బెయిల్ ఇవ్వడం న్యాయమూర్తి విచక్షణకు లోబడిన విషయమే అయినా, ఫిర్యాదుదారు గురించి ఇలాంటి మాట ఎందుకని ప్రశ్నించింది.

ఆ కేసులో నిజానిజాలను తేల్చవలసింది విచారణ జరిపే న్యాయస్థానం. అయితే ఆ వ్యాఖ్య వెనుక ఉన్న ఆలోచన ఒక్క కోర్టు గదికే పరిమితమైనది కాదు. కళాశాల హాస్టళ్లలో, అద్దె గదుల్లో, ఫేర్‌వెల్ పార్టీల తర్వాత జరిగే సంభాషణల్లో అది తరచు వినిపిస్తుంది. ఆమె నవ్వుతూ మాట్లాడింది, కలిసి తాగింది, వెంట వచ్చింది, కనుక ఇష్టపడినట్టే అన్నది ఆ ఆలోచన సారాంశం. మూడు చిన్న విషయాలను కూడి, వాటిలో ఎక్కడా లేని నాలుగో విషయాన్ని రాబట్టే ఈ లెక్క ఎలా పుడుతుంది? అందులో మద్యం పాత్ర ఎంత? దాన్ని అపార్థంగా సరిపెట్టుకోవచ్చునా? నాలుగు దశాబ్దాలకు పైగా సాగుతున్న పరిశోధన, ఇటీవలి చట్టాలు ఈ ప్రశ్నలకు చాలావరకు సమాధానం ఇస్తున్నాయి.

ఐదు నిమిషాల సంభాషణ

సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ఆంటోనియా అబ్బీ 1982లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ రంగంలో తొలి మైలురాయి. పరస్పరం పరిచయం లేని ఒక విద్యార్థిని, ఒక విద్యార్థి ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు. మరొక విద్యార్థిని, మరొక విద్యార్థి వారికి కనిపించకుండా ఆ సంభాషణను గమనిస్తారు. తర్వాత నలుగురినీ విడివిడిగా అడిగితే, ఆ యువతి ప్రవర్తనలో స్త్రీలు స్నేహాన్ని చూసిన చోట పురుషులు లైంగికాసక్తిని చూశారు. సంభాషణలో పాల్గొన్న యువకుడే కాదు, దూరం నుంచి చూస్తున్న యువకుడు కూడా అలాగే అర్థం చేసుకున్నాడు.

ఆ గదిలో మద్యం లేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. అంటే అపార్థానికి బీజం మద్యానికి ముందే ఉంది. స్నేహంగా మాట్లాడడాన్ని ఆహ్వానంగా చదివే అలవాటు కొందరు యువకులు వెంట తెచ్చుకునేదే. అబ్బీ, ఆమె తర్వాతి పరిశోధకులు చేసిన అధ్యయనాల్లో మరో సంగతి తేలింది. ఈ అలవాటు అందరిలోనూ ఒకే స్థాయిలో లేదు. స్త్రీల పట్ల శత్రుభావం ఉన్నవారిలో, బలవంతాన్ని మామూలు విషయంగా భావించేవారిలో అది ఎక్కువ. ఇది పురుష స్వభావమని, మార్చలేనిదని చెప్పడానికి వీలులేదు. ఒకే వయసు, ఒకే తరగతి, ఒకే పార్టీలో ఉన్న యువకుల్లో చాలామంది అదే నవ్వును సరిగానే అర్థం చేసుకుంటున్నారు.

మద్యం చేసేది, చేస్తుందని నమ్మేది

మద్యం ఈ బీజానికి రెండు విధాల నీరు పోస్తుంది. మొదటిది మెదడుపై దాని ప్రభావం. క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ 1990లో దీన్ని ‘మద్యపు హ్రస్వదృష్టి’ అనదగిన భావనతో వివరించారు. హ్రస్వదృష్టి ఉన్నవారికి దగ్గరిది స్పష్టంగా, దూరానిది మసకగా కనిపించినట్టే, తాగిన మనిషికి తన మనసులో బలంగా ఉన్న కోరిక, కళ్లెదుట కొట్టొచ్చినట్టు కనిపించే విషయం మాత్రమే గోచరిస్తాయి. ఎదుటి మనిషి ముఖం తిప్పుకోవడం, మాట తగ్గించడం, గడియారం వంక చూడడం వంటి సూక్ష్మమైన సూచనలు, రేపటి పర్యవసానాలు మసకబారతాయి. అనంతర ప్రయోగాల్లోనూ, మద్యం తీసుకున్న యువకులు స్త్రీల ముఖకవళికల్లోని భావాలను వేరుచేసి గుర్తించడంలో వెనుకబడ్డారు.

రెండోది నమ్మకం. తాగడానికి ఇచ్చేదేమిటో ఒక మాట చెప్పి, గ్లాసులో వేరొకటి పోసే ప్రయోగ పద్ధతి 1970లలో అమెరికాలో రూపొందింది. వోడ్కా అని చెప్పి ఒట్టి టానిక్ నీళ్లు ఇచ్చినా, తాము తాగామని నమ్మిన పురుషుల్లో లైంగిక స్పందన పెరిగినట్టు ఆనాటి ప్రయోగాల్లో తేలింది. మద్యం పనిగా మనం చెప్పుకునే దానిలో కొంత మద్యం గురించి మనకున్న కథ చేసే పనే. ‘మందు మీద ఉన్నాను, నాకు తెలియలేదు’ అనే మాటకు సమాజం ముందే అనుమతి ఇచ్చి ఉంచితే, ఆ అనుమతిని వాడుకునేవారు ఉంటారు.

అదే కథ ఎదుటివారి గ్లాసుకూ వర్తిస్తుంది. ఒక యువతి శీతల పానీయం తాగుతున్నట్టు వర్ణిస్తే ఒక విధంగా, మద్యం తాగుతున్నట్టు వర్ణిస్తే లైంగికంగా మరింత సుముఖురాలిగా విద్యార్థులు ఊహించినట్టు 1980లలోనే అధ్యయనాలు చూపాయి. ఆమె ప్రవర్తన ఒక్కటే, గ్లాసు మాత్రమే మారింది.

ఈ విషయం మన ప్రాంతానికి మరింత వర్తిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటినవారిలో మద్యం తాగుతామని చెప్పినవారు తెలంగాణలో పురుషుల్లో 43.3 శాతం, స్త్రీలలో 6.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల్లో 23.3 శాతం కాగా, స్త్రీలలో 0.5 శాతం మాత్రమే. దేశమంతటా కలిపి చూస్తే పురుషుల్లో 18.8, స్త్రీలలో 1.3 శాతం. ఒక పని చేసే స్త్రీలు వందలో ఒకరిద్దరే అయినప్పుడు ఆ పని చేసిన స్త్రీని ‘అలాంటిది’గా ముద్ర వేయడం సులువు. పురుషుడు తాగితే అది సరదాగా లెక్కకు వస్తుంది, స్త్రీ తాగితే సంకేతంగా మారుతుంది. అపార్థం అనుకునే దానిలో పెద్ద భాగం ఈ అసమానతే.

కాదనడం మనకు తెలియని భాష కాదు

ఇక్కడ ఒక వాదన ముందుకు వస్తుంది. స్త్రీలు సూటిగా ‘వద్దు’ అని చెప్పరు, కాబట్టి యువకులకు అర్థం కాదు అన్నది ఆ వాదన. బ్రిటన్ పరిశోధకులు సీలియా కిట్జింగర్, హన్నా ఫ్రిత్ 1999లో దీన్ని నిశితంగా పరిశీలించారు. మామూలు జీవితంలో ఏ ఆహ్వానాన్నయినా నిరాకరించేటప్పుడు మనుషులు ‘వద్దు’ అనే మాటను దాదాపుగా వాడరని, కాస్త ఆగడం, నసగడం, ఒక కారణం చెప్పడం, మెచ్చుకోలుతో మొదలుపెట్టడం ద్వారానే కాదంటారని, వినేవారు దాన్ని తేలికగానే గ్రహిస్తారని వారు చూపారు.

తెలుగువారికి ఇది పరిశోధకులు చెప్పవలసిన సంగతి కాదు. మొహమాటం మన మాట తీరులోనే ఉంది. అప్పు అడగడానికి వచ్చిన బంధువుతో ‘ఈ నెల కొంచెం ఇబ్బందిగా ఉందండీ’ అంటే, అది నిరాకరణేనని అతనికి తెలుసు. ‘వద్దని సూటిగా చెప్పలేదు కదా’ అంటూ జేబులో చేయి పెట్టి డబ్బు తీసుకోడు. ఫంక్షన్‌కు పిలిస్తే ‘చూద్దాం లెండి’ అన్న మాటకు అర్థం కూడా అందరికీ తెలిసిందే. ఇంత సున్నితమైన భాషను ఇంటా బయటా పొరపాటు లేకుండా చదివే యువకుడు, ‘ఆలస్యమైంది, రూమ్మేట్ ఎదురుచూస్తుంటుంది’ అనే మాటను మాత్రం చదవలేకపోయాడంటే, అది భాష రాకపోవడం వల్ల కాదు.

మన సంస్కృతిలోనే ఆ చదువుకు అడ్డుపడేవి కొన్ని ఉన్నాయని ఒప్పుకోవాలి. విస్తరి ముందు ‘చాలు’ అన్నా మరో గరిటె వడ్డించడం మనకు మర్యాద. ‘మౌనం అర్ధాంగీకారం’ అని పెద్దలు చెప్పిన మాటను పెళ్లిచూపుల నుంచి పంచాయతీ వరకు వాడాం. కథానాయిక ఎన్నిసార్లు కాదన్నా కథానాయకుడు వెంటపడి చివరకు ఔననిపించుకోవడాన్ని వెండితెర దశాబ్దాల పాటు ప్రేమగా చూపింది. హిందీలో 2016లో వచ్చిన ‘పింక్’, దానికి తెలుగు రూపంగా 2021లో వచ్చిన ‘వకీల్ సాబ్’ ఈ ధోరణికి ఎదురు నిలిచి, తాగినా, నవ్వినా, వెంట వచ్చినా కాదనే హక్కు పోదన్న విషయాన్ని ప్రధాన స్రవంతి ప్రేక్షకుల ముందు ఉంచాయి. ఆ కథ అంతటి ఆదరణ పొందడమే చెప్పవలసిన అవసరం ఎంత ఉందో తెలుపుతుంది.

చట్టం అడిగే ప్రశ్న మారింది

అపార్థాన్ని చట్టం ఎలా చూడాలన్న విషయంలో ప్రపంచంలో వచ్చిన మార్పు స్పష్టమైనది. 1975లో ఇంగ్లాండ్ అత్యున్నత న్యాయపీఠం, స్త్రీ సమ్మతి ఉందని నిందితుడు నిజాయితీగా నమ్మితే చాలు, ఆ నమ్మకం సహేతుకం కాకపోయినా సరేనని తీర్పు చెప్పింది. 2003 నాటి చట్టం దాన్ని తోసిపుచ్చింది. నమ్మకం సహేతుకమై ఉండాలి, సమ్మతి ఉందో లేదో తెలుసుకోవడానికి అతను ఏం చేశాడో కూడా చూడాలి అన్నది కొత్త నియమం. స్వీడన్ 2018 జులై నుంచి మరో అడుగు వేసి, ఎదుటివారు స్వచ్ఛందంగా పాల్గొంటున్నారో లేదో తెలుసుకోకుండా తీవ్ర నిర్లక్ష్యం వహించడాన్ని కూడా అత్యాచార నేరంలో ఒక తరగతిగా చేర్చింది. ఆమె వద్దన్నదా అనే ప్రశ్న స్థానంలో అతను తెలుసుకున్నాడా అనే ప్రశ్న వచ్చింది.

భారతదేశంలో జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ నివేదిక అనంతరం 2013లో చేసిన సవరణ సమ్మతికి నిర్వచనం ఇచ్చింది. మాటలతో గాని, సైగలతో గాని, మరే రూపంలోనైనా గాని, ఫలానా లైంగిక చర్యకు సుముఖతను తెలియజేసే నిస్సందిగ్ధమైన, స్వచ్ఛందమైన అంగీకారమే సమ్మతి. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతించినట్టు భావించరాదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ ఇదే నిర్వచనం కొనసాగుతోంది. మత్తు వల్ల తాను దేనికి ఒప్పుకుంటున్నదో, దాని పర్యవసానమేమిటో గ్రహించలేని స్థితిలో స్త్రీ చెప్పిన ‘సరే’ సమ్మతి కాదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. మరోవైపు, స్వయంగా తాగిన వ్యక్తికి ఆ మత్తు రక్షణ కాదు. తాగకపోతే ఏ తెలివి ఉండేదో ఆ తెలివితోనే చేసినట్టు చట్టం పరిగణిస్తుంది. ఒకే మద్యం ఆమె సమ్మతిని చెల్లనిదిగా చేయగలదు, అతని బాధ్యతను మాత్రం తగ్గించదు. విద్యార్థులు గుర్తుంచుకోవలసిన మొదటి విషయం ఇదే.

చట్టంలో రాసినంత తేలికగా ఆచరణలో కుదరలేదు. 2017 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, మద్యం ప్రస్తావన ఉన్న ఒక కేసులో, పరిచయస్తుల మధ్య బలహీనంగా పలికిన ‘వద్దు’ కొన్ని సందర్భాల్లో అంగీకారంగా అర్థం కావచ్చునంటూ సంశయ లాభం కింద నిందితుడిని విడుదల చేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యానికి నిరాకరించింది. ఆ తర్వాత 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో ఇదే సుప్రీంకోర్టు, స్త్రీ మద్యం తాగడం, పొగ తాగడం వంటివి పురుషుడి చొరవకు సమర్థన అన్న భావనను న్యాయమూర్తులు విడనాడవలసిన మూసలలో ఒకటిగా పేర్కొంది. 2023 ఆగస్టులో విడుదలైన చేతిపుస్తకంలోనూ ఆ విషయాన్ని చేర్చింది. అయినా 2025లో మళ్లీ పాత మాట వినిపించిందంటే, మూసలు ఉత్తర్వులతో పోవని అర్థమవుతుంది.

ఎరుక లేని చోట

ఒక వైద్య వాస్తవాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తక్కువ సమయంలో ఎక్కువ మద్యం తీసుకున్నప్పుడు మెదడు కొత్త జ్ఞాపకాలను నమోదు చేయడం మానేస్తుంది. దీన్నే బ్లాకౌట్ అంటారు. ఇది స్పృహ తప్పడం కాదు. ఆ స్థితిలో ఉన్న వ్యక్తి నడవగలదు, మాట్లాడగలదు, నవ్వగలదు. తెల్లవారాక ఏదీ గుర్తుండదు. ‘ఆమె మామూలుగానే ఉంది’ అని ఒకరు, ‘నాకేమీ గుర్తులేదు’ అని మరొకరు చెప్పినప్పుడు ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు. అందుకే తప్పతాగిన మనిషి నుంచి ‘సరే’ అనే మాట వినిపించినా, రేపటి వరకు ఆగడమే నిజాయితీ గల యువకుడికి మిగిలే దారి. ఆగినందువల్ల ఎవరికీ నష్టం లేదు. ఆగకపోతే కలిగే నష్టం ఇద్దరి జీవితాలనూ దాటి పోతుంది.

అపార్థానికి నేరానికి మధ్య గీత కూడా ఇక్కడే కనిపిస్తుంది. స్నేహాన్ని ఇష్టంగా పొరబడి ఒక మాట అడగడం తప్పు కాదు. కాదన్న సూచన కనబడగానే వెనక్కి తగ్గి క్షమాపణ చెప్పుకుంటే అది అపార్థంతోనే ముగుస్తుంది. అడగకుండా ముందుకు వెళ్లడం, కాదన్నాక ఒత్తిడి చేయడం, చెప్పలేని స్థితిలో ఉన్నవారిని తాకడం అపార్థాలు కావు.

ఫిర్యాదుకు ముందే మూసుకునే తలుపు

మన కళాశాలల్లో ఈ సమస్యకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తెలుగు రాష్ట్రాల్లో మద్యం కొనుగోలుకు కనీస వయసు 21 ఏళ్లు. డిగ్రీ, ఇంజినీరింగ్ చదివేవారిలో అధికశాతం అంతకు లోపువారే. పైగా హాస్టళ్లలో మద్యం నిషిద్ధం. కనుక తాగేవారు రహస్యంగా, వేగంగా, పెద్దల కంట పడని చోట తాగుతారు. ఏదైనా జరిగితే బాధితురాలు ముందుగా తాను తాగిన సంగతి ఒప్పుకోవాలి. వార్డెన్, తల్లిదండ్రులు, క్రమశిక్షణ సంఘం, చదువు మాన్పిస్తారన్న భయం వరుసగా ఆమె ముందు నిలుస్తాయి. ఆ భయం ఫిర్యాదునే కాదు, ప్రాణాపాయంలో అంబులెన్స్‌ను పిలవడాన్ని కూడా ఆపుతుంది. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలు, రాష్ట్రాలు వైద్య సహాయం కోరినవారిపై మద్యం తాగినందుకు చర్య తీసుకోరాదని నియమం పెట్టుకున్నది ఇందుకే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన విషయమైతే అందులో ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు ఉండాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, దాన్ని మరో మూడు నెలలు పొడిగించే అవకాశం, 90 రోజుల్లో విచారణ పూర్తి, గోప్యత ఈ నిబంధనల్లో ఉన్నాయి. విద్యార్థులు, తృతీయ లింగ వ్యక్తులు కూడా బాధితులు కావచ్చునని అవి గుర్తించాయి. క్రిమినల్ చట్టంలో అత్యాచార నిర్వచనం స్త్రీని మాత్రమే బాధితురాలిగా చూస్తున్నందున, ఈ గుర్తింపు ముఖ్యమైనది. ఆరోపణ ఎదుర్కొంటున్న విద్యార్థికి తన వాదన వినిపించే అవకాశం ఇవ్వడం కూడా అంతే అవసరం. న్యాయమైన విచారణ లేని చోట ఫిర్యాదుకు విలువ ఉండదు.

విదేశాలకు వెళ్లే మన విద్యార్థులకు ఈ అంశం మరింత దగ్గరిది. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3.31 లక్షలు దాటింది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. కాలిఫోర్నియా 2014లో, న్యూయార్క్ 2015లో చేసిన చట్టాల ప్రకారం అక్కడి కళాశాలల్లో మౌనం గాని, ప్రతిఘటించకపోవడం గాని సమ్మతి కాదు. స్పష్టమైన అంగీకారం ఉండాలి. సస్పెన్షన్‌తో నమోదు రద్దయితే విద్యార్థి వీసా కూడా ప్రమాదంలో పడుతుంది. వీసా పత్రాలు, విమాన టికెట్ల గురించి నెలల తరబడి మాట్లాడుకునే ఇళ్లలో ఈ ఒక్క విషయం మాట్లాడుకోవడానికి మొహమాటం అడ్డువస్తోంది.

సైకిల్ దిగిన ఇద్దరు

2015 జనవరిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, పార్టీ అనంతరం స్పృహలో లేని యువతిపై ఒక విద్యార్థి జరిపిన లైంగిక దాడి ప్రపంచవ్యాప్త చర్చకు దారితీసింది. ఆమె సమ్మతించిందని అతను వాదించాడు, క్యాంపస్ మద్యపు సంస్కృతిని నిందించాడు. జ్యూరీ దోషిగా తేల్చినా న్యాయమూర్తి ఆరు నెలల జైలుశిక్షే విధించారు. నిరసనల మధ్య 2018లో ఓటర్లు ఆ న్యాయమూర్తిని పదవి నుంచి తొలగించారు. ఆ రాత్రి దాడిని ఆపింది పోలీసులు కాదు. అటుగా సైకిళ్లపై వెళుతున్న ఇద్దరు స్వీడన్ విద్యార్థులు. కింద పడి ఉన్న మనిషిలో కదలిక లేదని గమనించి వారు సైకిళ్లు దిగారు.

ఆ ఇద్దరూ చదివింది కూడా ఒక సంకేతాన్నే. చీకట్లో, దూరం నుంచి, ఎవరూ వివరించకుండానే దాన్ని సరిగా చదివారు. ప్రతి విద్యా సంవత్సరం మొదట్లో ర్యాగింగ్ గురించి చెప్పే సదస్సులోనే మద్యం గురించి, సమ్మతి గురించి ఒక గంట మాట్లాడడం, తాగిన సంగతి చెప్పినందుకు ఫిర్యాదుదారును శిక్షించబోమని కళాశాల ముందే ప్రకటించడం, పార్టీ ముగిశాక తూలుతున్న స్నేహితురాలిని ఒంటరిగా వదలకుండా గది దాకా దిగబెట్టే పూచీ కొందరు తీసుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఇళ్లలో కొడుకులకు చెప్పవలసినది అంతకన్నా చిన్న మాట. అర్థం కాకపోతే అడగాలి, అడిగినా జవాబు చెప్పలేని స్థితిలో ఎదుటివారు ఉంటే ఇంటికి చేర్చాలి.